విమోచన అంటే యజమాని మారడం కాదు
క్రైస్తవ ప్రణయ నవలల్లో మత ప్రతీక, షరతులు లేని ప్రేమ: ఒక విమర్శ

మత ప్రేరణతో వెలువడే ప్రణయ నవలల విషయంలో మన సాహిత్య విమర్శలో రెండు వైఖరులు వేళ్లూనుకొని ఉన్నాయి. ఇవి కాలక్షేపపు సరుకు మాత్రమేనని, గంభీరమైన చర్చకు తగవని త్రోసిపుచ్చడం మొదటిది. భగవంతుని ప్రస్తావన ఉన్నది గనుక ఇటువంటి రచనలను ప్రశ్నించడం అపచారమని భావించడం రెండవది. పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపించినా ఈ రెండింటి ఫలితం ఒక్కటే. గ్రంథాన్ని శ్రద్ధగా చదవవలసిన బాధ్యత నుండి విమర్శకుడు తప్పించుకుంటాడు. పాఠకులు మాత్రం, ముఖ్యంగా స్త్రీలు, ఈ నవలలను శ్రద్ధగానే చదువుతున్నారు. ప్రేమ అంటే ఏమిటి, దాంపత్యంలో సహనానికి హద్దు ఎక్కడ, క్షమించడమంటే తిరిగి వెళ్లడమేనా అన్న ప్రశ్నలకు వాటిలో సమాధానాలు వెదుక్కుంటున్నారు. ఇంత బరువైన ప్రశ్నలకు సమాధానం చెప్పబూనిన సాహిత్యాన్ని విమర్శ పట్టించుకోకపోవడం ఔదార్యమూ కాదు, అభిరుచీ కాదు, ఉపేక్ష.

ఈ వ్యాసం ప్రతిపాదించదలచిన విషయం ఒక్కటే. షరతులు లేని ప్రేమ అనే భావన మహోన్నతమైనది. అయితే ఆ ప్రేమను అందుకొనే వ్యక్తికి దానిని కాదని వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్నప్పుడే ఆ పేరు దానికి చెల్లుతుంది. ఆ స్వేచ్ఛ లేనిచోట మిగిలేది షరతులు లేని అధికారం. భర్తను దైవానికి ప్రతీకగా నిలబెట్టే కథలు ఈ భేదాన్ని తరచు చెరిపివేస్తాయి. అక్కడే మన అభ్యంతరం.

రెండు నవలలు

ఆధునిక క్రైస్తవ ప్రణయ నవలకు నాంది పలికినదిగా కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో ప్రకటించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్లీ’ని సాధారణంగా పేర్కొంటారు. అమెరికా పశ్చిమ ప్రాంతానికి వలస వెళ్తున్న మార్టీ అనే యువతి దారిలోనే భర్తను పోగొట్టుకుంటుంది. భార్య చనిపోయి, చిన్న కూతురితో మిగిలిన క్లార్క్ అనే రైతు ఆమెతో వివాహం ప్రతిపాదిస్తాడు. అతనికి బిడ్డను పెంచే తల్లి కావాలి. ఆమెకు తల దాచుకొనే చోటు కావాలి. ఇక్కడ గమనించదగిన అంశం ఒకటి ఉన్నది. వసంతకాలంలో తూర్పుకు తిరిగివెళ్లే బండ్ల బారు వచ్చినప్పుడు ఆమె వెళ్లదలచుకుంటే దారిఖర్చు తానే భరిస్తానని క్లార్క్ ముందుగానే మాట ఇస్తాడు. ఈ నవలలో ప్రతీకలు తక్కువ, ఇంటిపని ఎక్కువ. అయినా ప్రేమ ఎదగడానికి కావలసిన తెరచిన తలుపును రచయిత్రి మొదటి పుటల్లోనే ఏర్పాటు చేసింది.

తరువాత వచ్చి మొదటిదానికంటె ఎక్కువ చర్చకు గురైన నవల ఫ్రాన్సిన్ రివర్స్ రచించిన ‘రిడీమింగ్ లవ్’. అంతకుముందు మతంతో సంబంధం లేని ప్రణయ నవలలు రాసిన ఈ అమెరికన్ రచయిత్రి 1986లో క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించిన తరువాత ఈ గ్రంథాన్ని రాసింది. ఇది 1991లో వెలువడింది. 1997లో ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థ సవరించిన ప్రతిని ప్రకటించింది. 2022లో చలనచిత్రంగా విడుదలైంది. బైబిలు పాత నిబంధనలోని హోషేయ గ్రంథం దీనికి ఆధారం. ప్రవక్త హోషేయ, అతని భార్య గోమెరుల కథను రచయిత్రి 1850 నాటి కాలిఫోర్నియా బంగారు గనుల ప్రాంతానికి తరలించింది. నాయకుడు మైకేల్ ఇంటిపేరే హోసియా. నాయిక ఏంజెల్. ఎనిమిదేళ్ల వయస్సులో డ్యూక్ అనే దుర్మార్గునికి అమ్ముడుపోయి, వేశ్యావృత్తిలోనే పెరిగిన స్త్రీ ఆమె. దైవవాణి తనను ఆదేశించిందని నమ్మి మైకేల్ ఆమెను వివాహం చేసుకుంటాడు. ఆమె మళ్లీ మళ్లీ వెళ్లిపోతుంది. అతడు మళ్లీ మళ్లీ తీసుకువస్తాడు.

నవలలోని సుగుణం

విమర్శించే ముందు ఈ నవలకున్న ఆకర్షణ ఏమిటో న్యాయంగా చెప్పాలి. షరతులు లేకుండా భరించే పాత్రను మన పురాణ కథలు దాదాపు ఎల్లప్పుడూ స్త్రీకే అప్పగించాయి. కుష్ఠురోగి అయిన భర్త కౌశికుడిని భుజాన వేసుకొని, అతడు కోరిన వేశ్య ఇంటికి మోసుకొనిపోయిన సుమతి కథ మనకు సుపరిచితం. ఆమె పాతివ్రత్యానికి సూర్యోదయమే ఆగిపోయింది గాని, ఆ భర్త కోరిక న్యాయమైనదేనా అని అడిగినవారు లేరు. ‘రిడీమింగ్ లవ్’లో బరువు మోసేది పురుషుడు. సంఘం కళంకితగా ముద్రవేసిన స్త్రీని అతడు గౌరవిస్తాడు. బంగారం చెల్లించి ఆమె గదికి వెళ్లి, ముట్టుకోకుండా మాట్లాడి తిరిగివస్తాడు. పెండ్లి తరువాత ఆమె తన గతాన్ని కడిగివేసుకోవాలన్న తపనతో వాగులో కూర్చుండి గులకరాళ్లతో ఒళ్లు రక్తం చిమ్మేలా రుద్దుకొనే ఘట్టం ఉన్నది. మాలిన్యం ఆమె చర్మంలో లేదని, ఇతరులు చేసిన పాపాన్ని ఆమె తన ఒంటి మీద వెదుక్కుంటున్నదని పాఠకునికి తేటతెల్లమవుతుంది. కొండ మీదికి తీసుకుపోయి సూర్యోదయం చూపే ఘట్టంలో వెలుగు, దున్నిన నేల, విత్తనం అనే ప్రతీకలు కథలో సహజంగా ఇమిడిపోయాయి. వీటిని హేళన చేసే విమర్శకుడు తన అభిరుచిని చాటుకుంటాడేమో గాని గ్రంథాన్ని అర్థం చేసుకున్నట్లు కాదు.

ప్రతీక తలక్రిందులైన చోటు

చిక్కు వివాహ ఘట్టంలో ఉన్నది. వేశ్యాగృహపు కాపలాదారు చావగొట్టగా ఏంజెల్ స్పృహ ఉండీ లేని స్థితిలో పడి ఉంటుంది. ఆ స్థితిలో మైకేల్ పెండ్లి ప్రస్తావన తెస్తే ఆమె నోట నిరాసక్తమైన ఒక మాట వెలువడుతుంది. దానినే అంగీకారంగా తీసుకొని వివాహం జరిపిస్తారు. ఇక అతడు ఆమెను పిలిచే పేర్లు: మారా, అమాండా, తిర్సా. ప్రతి పేరూ బైబిలు నుండో, అతని మమకారం నుండో పుట్టినదే. ఆమె నుండి పుట్టినది ఒక్కటీ లేదు. ఆమె అసలు పేరు సారా అని అతనికి తెలిసేది నవల చివరి ఘట్టంలో, ఆమె స్వయంగా చెప్పినప్పుడు. ఇంతగా ప్రేమించిన వ్యక్తికి ప్రేయసి పేరు తెలియదన్న సంగతి యాదృచ్ఛికం కాదు. దైవానికి ప్రతీకగా నిలిచిన భర్తకు అడిగి తెలుసుకోవలసిన అవసరం కనిపించదు.

ఇందుకు మూలమైన హోషేయ గ్రంథం వైపు ఒకసారి చూద్దాం. క్రీస్తు పూర్వం ఎనిమిదవ శతాబ్దంలో, ఉత్తర ఇశ్రాయేలు రాజ్యం పతనానికి చేరువవుతున్న కాలంలో పలికిన ప్రవచనమది. క్రీ.పూ. 722 ప్రాంతంలో షోమ్రోను అష్షూరీయుల వశమైంది. ప్రవక్త తన సంసారాన్ని ఒక జాతి చరిత్రకు సంకేతంగా చేశాడు. పిల్లల పేర్లు సైతం సంకేతాలే: మొదటి కుమారుని పేరు యెజ్రెయేలు, రాజవంశం చేసిన రక్తపాతాన్ని గుర్తు చేసే స్థలనామం. అంటే ఆ సంకేతం గురిపెట్టినది రాజులను, యాజకులను, ధనికులను. ఇంటి ఇల్లాలిని కాదు. నవలలో ఈ దిశ తలక్రిందులైంది. జాతికి సంకేతమైన దాంపత్యం దాంపత్యానికే ఆదర్శమైంది. అధికారంలో ఉన్నవారిని నిలదీసిన ప్రతీక, అధికారం లేని స్త్రీని లొంగదీసే ప్రతీకగా మారింది.

మూలగ్రంథం నిర్దోషి అనడం లేదు. అందులోని రెండవ అధ్యాయంలో భార్యను వివస్త్రను చేస్తానని, ఆమె దారికి ముళ్లకంచె వేస్తానని బెదిరింపులు ఉన్నాయి. ప్రవక్తల దాంపత్య రూపకాలలోని ఈ హింసను బైబిలు పండితురాలు రెనీటా వీమ్స్ 1995లో ప్రకటించిన ‘బ్యాటర్డ్ లవ్’ గ్రంథంలో నిశితంగా పరిశీలించారు. కాని అదే హోషేయ పదకొండవ అధ్యాయంలో రూపకాన్ని మార్చాడు. అక్కడ దేవుడు భర్త కాదు. తప్పటడుగులు వేసే బిడ్డకు చేయి పట్టి నడక నేర్పే తల్లిదండ్రుల వంటివాడు. కోపాన్ని అమలు చేయకుండా మానుకుంటూ, తాను దేవుడనే గాని మనిషిని కానని ఆయన చెప్పుకుంటాడు. ఇంతకంటె స్పష్టమైన హెచ్చరిక ఏముంటుంది? దేవుడు మనిషి కానప్పుడు మనిషి దేవుడు ఎట్లా అవుతాడు? భర్తను దైవస్థానంలో కూర్చోబెట్టే నవలాకారులు తాము ఆధారం చేసుకున్న గ్రంథాన్నే సగం చదివి వదిలిపెట్టినట్లు లెక్క.

‘విమోచన’ అనే మాట

హోషేయ తన భార్యను పదిహేను వెండి తులాలు, కొంత యవలు ఇచ్చి తిరిగి కొన్నాడు గదా, మైకేల్ చేసినదీ అదే గదా అని వాదించేవారున్నారు. ఇక్కడ ఒక మాట చరిత్రను పరికించాలి. నవల శీర్షికలోని ‘రిడీమింగ్’ అనే పదానికి మూలార్థం తిరిగి కొనడం. ప్రాచీన ఇశ్రాయేలు ధర్మశాస్త్రం ప్రకారం బీదరికం వల్ల అమ్ముడుపోయిన బంధువును విడిపించే బాధ్యత దగ్గరి బంధువుది. లేవీయకాండం ఇరవై ఐదవ అధ్యాయం దీనిని వివరిస్తుంది. ఆ ధనం చెల్లించేది మనిషిని తాను సొంతం చేసుకోవడానికి కాదు, బానిసత్వం నుండి తప్పించడానికి. మన తెలుగు మాట ఈ సత్యాన్ని మరింత చక్కగా పట్టుకొన్నది. విమోచన అంటే విడుదల. కట్టు విప్పడం. ఒక గుంజ నుండి విప్పి మరొక గుంజకు కట్టడాన్ని, ఆ రెండవ గుంజ ఎంత మేలైనదైనా సరే, తెలుగువాడెవడూ విమోచన అనడు. బావిలో పడినవాణ్ణి పైకి తీసినవాడు ప్రాణదాత అవుతాడే గాని యజమాని కాడు.

మరొక వాదం ఇంతకంటె సూక్ష్మమైనది. ఇది రూపక కథ, మైకేల్ కేవలం దైవప్రేమకు ఆకృతి, దీనిని సంసారానికి వర్తింపజేయడం పాఠకుని పొరపాటు అంటారు. కేవలం రూపకమే అయితే ఉంగరం, పొలం, పడకగది, బంగారు గనులు ఎందుకు? రచన తనను తాను ప్రణయ నవలగా నిలబెట్టుకున్నది. ప్రణయ నవలగా హృదయాన్ని కదిలించి, ప్రశ్న ఎదురైనప్పుడు వేదాంతం చాటుకు పోవడం న్యాయం కాదు. ప్రతీకకు రెండు కాళ్లు. ఒకటి పరలోకంలో ఉన్నా, రెండవది ఈ నేలమీదనే ఉన్నది. ఆ నేల మీది లెక్క అప్పజెప్పవలసిందే.

చరిత్ర ఏమంటున్నది

ఆ నేల కాలిఫోర్నియా. 1848 జనవరి 24న అక్కడ బంగారం బయటపడింది. 1850 జనాభా లెక్కల్లో నమోదైనవారిలో స్త్రీలు పదింట ఒక వంతు కూడా లేరు. ఆడపిల్లల క్రయవిక్రయం లాభసాటి వ్యాపారం కావడానికి ఇది ప్రధాన కారణం. అదే 1850లో అక్కడి శాసనసభ చేసిన ఒక చట్టం ఆదివాసులను, వారి పిల్లలను వెట్టికి పెట్టుకొనే వీలు కల్పించింది. 1848లో దాదాపు లక్షా యాభై వేలుగా అంచనా వేసిన ఆదివాసుల సంఖ్య 1870 నాటికి ముప్పై వేలకు పడిపోయింది. ఏదెను తోటను తలపించే మైకేల్ పొలం ఇటువంటి నేల మీద ఉన్నది. అమ్ముడుపోయిన ఒక స్త్రీ కన్నీటిని తుడిచే నవల, ఆమె చుట్టూ అమ్ముడుపోతున్న మనుషుల చరిత్రను కేంద్రంలోకి రానివ్వలేదు. ప్రతీక మితిమీరితే చరిత్ర పలుచబడుతుందన్నదానికి ఇది నిదర్శనం.

మరో సంగతి. 1849 నాటి కాలిఫోర్నియా రాజ్యాంగం భార్యకు ప్రత్యేక ఆస్తి ఉంటుందని గుర్తించింది. 1851లో అక్కడ విడాకుల చట్టం వచ్చింది. క్రూరత్వం వంటి కారణాలపై భార్య విడిపోవచ్చు. అంటే కథాకాలంలోనే ఆ మొరటు గనుల సీమ చట్టం స్త్రీకి వెళ్లిపోయే దారి ఒకటి తెరచింది. మన దేశంలో పరిస్థితి వేరు. వలస పాలనలో చేసిన 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో పరిత్యాగమో వంటి మరో దోషాన్ని కూడ నిరూపించాలి. ఎన్ని దెబ్బలు తిన్నా క్రూరత్వం ఒక్కటే విడాకులకు సరిపోదు. 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్ష చెల్లదని తీర్పు చెప్పింది. దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు సవరణ చేసినది 2001లో. గృహహింస నుండి రక్షణ కల్పించే చట్టం, అన్ని మతాల స్త్రీలకూ వర్తించేది, 2005లో వచ్చింది. నూట ముప్పైరెండేళ్లు భారతీయ క్రైస్తవ స్త్రీకి సహనమే శాసనం. ఇటువంటి గతం ఉన్న సమాజంలో, దెబ్బలు తిన్న స్త్రీకి భరించే ప్రేమ గురించి మాత్రమే చెప్పి వెళ్లిపోయే హక్కు గురించి చెప్పకపోవడం నిరపాయకరమైన భక్తి కాదు.

మన దగ్గరి దారులు

దైవాన్ని ప్రియునిగా భావించడం మనకు క్రొత్త కాదు. అయితే మన మధురభక్తి సంప్రదాయంలో ఒక విశేషం ఉన్నది. మీరాబాయికి గిరిధరుడు భర్త. ఆ భావన ఆమెను లౌకిక భర్తృకులపు కట్టుబాట్లకు లొంగేలా చేయలేదు. వాటిని కాదనే ధైర్యాన్ని ఇచ్చింది. కన్నడ దేశపు అక్కమహాదేవి కథలోనూ చెన్నమల్లికార్జునుని మీది ప్రేమే రాజాధికారాన్ని నిరాకరించే బలమైంది. దేవుడే భర్త అనడం వేరు, భర్తే దేవుడు అనడం వేరు. మొదటిది స్త్రీని విడిపిస్తుంది, రెండవది కట్టివేస్తుంది. మన సమాజం ఈ రెండు మాటలనూ పలికింది. రెండవదానిని ఎక్కువగా పలికింది. కాబట్టి ఈ విమర్శ క్రైస్తవ నవలకే పరిమితం కాదు. సతీమతల్లుల కథలకూ, వాటి వారసత్వంగా వచ్చిన మన చలనచిత్రాలకూ ఇది సమానంగా వర్తిస్తుంది.

భారతీయ క్రైస్తవ రచయిత్రుల అనుభవం కూడ ఇక్కడ స్మరణీయం. మద్రాసు కేంద్రంగా ఆంగ్లంలో రాసి, కొంతకాలం రాజమండ్రిలోనూ నివసించిన కృపాబాయి సత్తియనాథన్ (1862-1894) తన ‘కమల’ నవలలో బాల్యవివాహం, అత్తింటి బాధలు, వైధవ్యం అనుభవించిన హిందూ యువతిని చిత్రించింది. చివరకు ప్రేమించిన పురుషుడు పునర్వివాహం కోరినా కమల అంగీకరించదు. పరోపకారంలో జీవితం గడుపుతుంది. ఆ నిరాకరణలో ఆనాటి ఆచార భయం కొంత ఉన్నదనవచ్చు. కాని రచయిత్రి క్రైస్తవురాలై ఉండి, రక్షకుడైన పురుషుని చేతిలో నాయికను పెట్టి కథ ముగించలేదు. కాదనగల మనిషిగానే నిలబెట్టింది.

మూడు సంవత్సరాల నిరీక్షణ

విచిత్రమేమంటే ‘రిడీమింగ్ లవ్’ నవల తన దోషానికి తానే విరుగుడు చూపింది. చివరిసారి ఏంజెల్ వెళ్లిపోయినప్పుడు మైకేల్ ఆమెను వెంబడించడు. అతని మొదటి యాత్రలలో ఘర్షణ, ఆగ్రహం ఉన్నాయి. ఈసారి నిరీక్షణ తప్ప మరేమీ లేదు. ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో డ్యూక్ బారి నుండి బయటపడి, తనవంటి స్త్రీలకు ఆశ్రయమిచ్చే ఒక గృహాన్ని నెలకొల్పుతుంది. మూడు సంవత్సరాలు తన కాళ్ల మీద నిలబడుతుంది. తరువాత తన ఇష్టంతో తిరిగివచ్చి తన పేరు తానే చెబుతుంది. నవలంతటిలో షరతులు లేని ప్రేమ నిజంగా కనిపించేది ఈ మూడేళ్లలోనే. ఆశ్చర్యకరంగా దీనికి రచయిత్రి కేటాయించిన పుటలు తక్కువ. ఆరాధకులు దీనిని స్మరించేదీ తక్కువే. వారికి గుర్తుండేది భార్యను వెదకి తెచ్చిన భర్త, తలుపు తెరచి ఉంచి ఊరకున్న భర్త కాదు.

చరిత్రలోనూ ఇటువంటి గృహాలు ఉన్నాయి. చైనా నుండి తెచ్చి అమ్మిన బాలికల కోసం ప్రెస్బిటేరియన్ మహిళలు 1870లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆశ్రయం స్థాపించారు. ఎందరినో కాపాడారు. అయితే కాపాడినవారి ఆదర్శాలకూ, కాపాడబడినవారి ఆకాంక్షలకూ మధ్య ఎంత పెనుగులాట సాగిందో చరిత్రకారిణి పెగ్గీ పాస్కో 1990లో ప్రకటించిన అధ్యయనం చూపింది. సదుద్దేశం కూడ పెత్తనం కాగలదు. ప్రేమకు అడుగడుగునా ఈ జాగ్రత్త అవసరం.

కాబట్టి ఈ నవలలను నిషేధించమనో, గ్రంథాలయాల నుండి తొలగించమనో మనం కోరడం లేదు. చదవాలి, అనువదించాలి, తరగతి గదుల్లో చర్చించాలి. అయితే చదివేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో ప్రేమించబడిన వ్యక్తి అంగీకారం ఎప్పుడు, ఏ స్థితిలో లభించింది? ఆ వ్యక్తి పేరు ఎవరు పెట్టారు? తలుపు ఏ వైపు నుండి గడియ వేసి ఉన్నది? ఈ ప్రశ్నలకు నిలిచిన ప్రేమను దైవికమని కీర్తించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. నిలవని ప్రేమకు మాత్రం ఏ గ్రంథం నుండి తెచ్చిన ప్రతీకా గౌరవం సమకూర్చలేదు. భగవంతుడు మనిషికి ఇచ్చిన స్వేచ్ఛను భగవంతుని పేరిట మనిషి తిరిగి లాగుకోవడం భక్తి అనిపించుకోదు.